గోలీ జ్ఞానప్రసూన

డులూత్‌లో కాపురం పెట్టిన మొదటి శీతాకాలంలో జ్ఞానప్రసూన పదకొండుసార్లు జారిపడింది. ఆస్పత్రి మెట్ల దగ్గర నాలుగుసార్లు, ఇంటి ముందు ఆరుసార్లు, పోస్టాఫీసు లోపల ఒకసారి. పోస్టాఫీసులో ఐసే లేదు. అప్పటికి ఆవిడకి నేలంటేనే నమ్మకం పోయింది.

మినసోటా రాష్ట్రానికి ఉత్తరపు కొసన, సముద్రమంత సరస్సు ఒడ్డున, కొండవాలు మీద కట్టిన ఊరది. నవంబరులో పడ్డ మంచు ఏప్రిల్ దాకా కదలదు. 1977లో ప్రసూనకి పాతికేళ్ళు. కాకినాడ పిల్ల, వాల్తేరులో బయోకెమిస్ట్రీ ఎమ్మెస్సీ చేసింది. భర్త గౌరీశంకర్ అక్కడి కాలేజీలో సివిల్ ఇంజనీరింగ్ పిల్లలకి కాంక్రీటు గురించి పాఠాలు చెప్పేవాడు. ఆవిడ ఆస్పత్రి లాబ్‌లో రక్తపరీక్షలు చేసేది. మనిషి ఐదడుగుల ఒక అంగుళం. గట్టిగా గాలి వీస్తే భర్త చెయ్యి పట్టుకునేది.

లాబ్‌లో పక్క బల్ల ఐలీది. వాళ్ళ తాత ఫిన్లండ్ నుంచి గనుల్లో పనికి వచ్చి అక్కడే ఉండిపోయాడు. ఐలీ ఆరడుగుల మనిషి. ఒక మధ్యాహ్నం ఐలీ మోచెయ్యి తగిలి గాజుగొట్టాల స్టాండు బల్ల మీంచి జారింది. కాగితం మీద ఏదో రాసుకుంటున్న ప్రసూన తల ఎత్తకుండానే ఎడమచేత్తో రెండు గొట్టాలు పట్టుకుంది. మూడోదాన్ని నడుముకీ బల్లకీ మధ్య నొక్కి ఆపింది. ఒక్కటీ పగల్లేదు.

ఐలీ థాంక్స్ చెప్పలేదు. మర్నాటి నుంచి ప్రసూన మీదకి ఏదో ఒకటి విసరడం మొదలుపెట్టింది. రబ్బరు, ప్లాస్టరు చుట్ట, భోజనాల వేళ ఒక నారింజపండు. ప్రసూన అన్నీ పట్టుకుంది. ఈ దేశంలో స్నేహం ఇలాగే చేస్తారేమో అనుకుంది. మూడోరోజు ఐలీ వచ్చి ఎదురుగా కూర్చుంది.

"నువ్వు ఏం ఆడేదానివి?"

"బాల్ బ్యాడ్మింటన్. యూనివర్సిటీ టీమ్‌లో." పసుపుపచ్చటి ఉన్నిబంతి, అటు ఐదుగురు ఇటు ఐదుగురు, మధ్యలో వల అని ప్రసూన వివరించింది. వలకి ఆనుకుని నిలబడితే బంతి ముక్కు మీదకే వస్తుందనీ, ఆలోచించే టైం ఉండదనీ చెప్పింది.

"స్కేటింగ్ వచ్చా?"

"నాకు నడకే రావడం లేదు."

"ఫరవాలేదు. మా ఆడవాళ్ళ హాకీ టీమ్‌కి గోలీ లేదు. ఉన్నావిడ పెళ్ళి చేసుకుని అలాస్కా వెళ్ళిపోయింది. గోలీ ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు. గోల్ ముందు నిలబడితే చాలు."

తన జీవితంలో తనతో చెప్పిన అతిపెద్ద అబద్ధం అదేనని ప్రసూన ఇప్పటికీ అంటుంది.

ఇంటికెళ్ళి భర్తతో చెప్పింది. "దెబ్బలు తగుల్తాయేమో" అన్నాడు గౌరీశంకర్.

"తగుల్తాయిట. పిడికిలంత రబ్బరు బిళ్ళ, ఐసులో పెట్టి గట్టిపరుస్తారుట."

"మరి ఆడాలనుందా?"

"ఉందండీ."

"ఆడు. మనవాళ్ళకి చెప్పనా?"

"ఇప్పుడే వద్దు. నాలుగు రోజులు చూద్దాం. నాకు చేతకాకపోతే ఊరంతా నవ్వులపాలు. మీరు ఎవరికీ చెప్పనని మాటివ్వండి."

ఆయన మాటిచ్చాడు. ఆ మాట ఎంత దూరం తీసుకెళ్తుందో ఆయనకి అప్పుడు తెలియదు.

కాళ్ళకి కట్టుకునే తోలు దిండ్లు అలాస్కా వెళ్ళినావిడవే. వాటిలో జింక వెంట్రుకలు కూరి ఉన్నాయి. తడిస్తే ఒక్కోటి బియ్యం మూటంత బరువు. అవి ప్రసూనకి తొడల పైదాకా వచ్చాయి. పైన చొక్కా, ఛాతీకి దిండు, మొహానికి ముసుగు. అద్దంలో చూసుకుంటే ప్రయాణానికి కట్టిన పరుపుచుట్టలా ఉంది.

మొదటి ఆటలో పద్నాలుగు గోల్స్ పడ్డాయి. ఒకటైతే ఆవిడ చక్కగా చేత్తో పట్టుకుని, వెనక్కి తూలి, బిళ్ళతో సహా వలలో పడింది. అదీ లెక్కలోకి వచ్చింది. ఆట అయ్యాక ముసుగు తీసి బెంచీ మీద తల వంచుకుని కూర్చుంటే ఐలీ పక్కన చేరింది.

"పద్నాలుగు పోయాయి" అంది ప్రసూన.

"ముప్పై రెండు ఆపావు. అది ఎవరూ చెప్పలేదా?"

ఎవరూ చెప్పలేదు. ఆ మాట పట్టుకుని ప్రసూన ఇంటికొచ్చింది. ఆరోజు ఆవిడకి తోచిన సంగతి మరొకటి ఉంది. అమెరికా వచ్చిన దగ్గర్నుంచీ కలిసినవాళ్ళందరూ 'మా దేశం ఎలా ఉంది' అని అడుగుతూనే ఉన్నారు. ఐసు మీద ఎవరూ ఆ ప్రశ్న వెయ్యలేదు. 'ఎడమపక్క చూసుకో' అని మాత్రం అరిచారు.

ఇక పట్టుదల వచ్చింది. సాయంత్రాలు నేలమాళిగలో గౌరీశంకర్ టెన్నిస్ బంతులు విసిరేవాడు, ఆవిడ ఆపేది. ఆయన గురి ఎంత అధ్వాన్నమంటే వాషింగ్ మెషీన్‌కే ఎక్కువ దెబ్బలు తగిలాయి. కానీ ఆయన బుర్ర ఇంజనీరుది. ఒకరోజు రెండు తాళ్ళు తెచ్చి గోల్ స్తంభాల బదులు పెట్టిన కుర్చీలకి కట్టి, రెండు కొసలూ బంతి దగ్గర కలిపాడు.

"ఇది చూడు ప్రసూనా. నువ్వు కుర్చీలకి అంటుకుని నిలబడితే రెండువైపులా ఇంత ఖాళీ. ఈ తాళ్ళ మధ్య ఒక్క మూడడుగులు ముందుకి రా. ఖాళీ ఏదీ?"

ఆవిడ ముందుకి వచ్చింది. తాళ్ళు రెండూ ఆవిడ మోచేతులకి తగిలాయి. ఖాళీ లేదు. ఎదురుగా వచ్చేవాళ్ళ మీదకి మనమే వెళ్తే మన వెనకాల గోల్ చిన్నదైపోతుందన్న సంగతి ఆవిడకి ఆ పూట అర్థమైంది. తర్వాతి ఆటలో ఎనిమిదే పడ్డాయి. ఆ పైదాంట్లో ఐదు.

గోల్స్ తగ్గుతున్నకొద్దీ దెబ్బలు పెరిగాయి. ఆపడమంటే ఒంటితో ఆపడమే కదా.

డులూత్ చుట్టుపక్కల అప్పటికి నాలుగు తెలుగు కుటుంబాలు ఉండేవి. వాళ్ళకి పెద్దదిక్కు సర్జన్ మూర్తిగారు, ఆయన భార్య ఆండాళ్ గారు. నెలకోసారి వాళ్ళింట్లో భోజనాలు. జనవరిలో ఒక భోజనాలప్పుడు ప్రసూన సాంబారు వడ్డిస్తుంటే పైట జారి, భుజం కింద అరచేతంత నీలం, ఆకుపచ్చ కలిసిన కమిలిన మచ్చ కనబడింది. ఆండాళ్ గారు గరిటె అందుకుంటూ చూశారు.

"అదేంటమ్మా?"

"తలుపు తగిలిందండీ."

మరుసటి నెల భోజనాలకి గడ్డం కింద ఇంకో మచ్చ.

"మళ్ళీ తలుపేనా?"

"కాదండీ. ఈసారి మెట్లు."

ఆండాళ్ గారు ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి. ఆమె తలుపునీ నమ్మలేదు, మెట్లనీ నమ్మలేదు. ఆ మధ్యాహ్నమే మూర్తిగారు "మంచు తోసే మెషీన్ కొత్తది కొన్నాను, చూద్దువుగాని రావయ్యా" అని గౌరీశంకర్‌ని గరాజ్‌లోకి తీసుకెళ్ళారు. తలుపు దగ్గరగా వేశారు.

"శంకరం, నువ్వు చదువుకున్నవాడివి. నీకు నేను చెప్పాల్సిన పని లేదు. కోపం ఎవరికైనా వస్తుంది. చెయ్యి మాత్రం లేవకూడదు."

గౌరీశంకర్‌కి ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. నిజం చెబుదామంటే పెళ్ళానికి ఇచ్చిన మాట అడ్డొచ్చింది.

"అలాగేనండీ" అన్నాడు.

ఒప్పేసుకున్నాడనుకున్నారు మూర్తిగారు. భుజం మీద చెయ్యి వేసి, "ఇకమీదట ఆ పిల్ల ఒంటిమీద మచ్చ కనబడకూడదు. మాటిస్తావా?" అన్నారు.

గౌరీశంకర్ స్వభావానికి అబద్ధం పడదు. వచ్చే ఆదివారం కెనడా వైపు నుంచి థండర్ బే వాళ్ళ టీమ్ వస్తోంది. వాళ్ళ కొట్టుడు ఎలా ఉంటుందో ఐలీ ముందే చెప్పింది.

"అది నా చేతుల్లో లేదండీ" అన్నాడు గౌరీశంకర్.

మూర్తిగారు ఆ మెషీన్ పక్కనే కూలబడ్డారు.

కారులో ఇంటికి వస్తూ గౌరీశంకర్ జరిగిందంతా చెప్పాడు. ప్రసూన పకపకా నవ్వింది. రెండు వీధులు దాటాక పక్కకి చూస్తే ఆయన నవ్వడం లేదు. మొహం నల్లగా మాడిపోయి ఉంది. తండ్రిలాంటి మనిషి చేత అలాంటి మాట పడి, నోరెత్తకుండా వచ్చాడు, తన కోసం. ఆవిడకి నవ్వు ఆగిపోయింది. ఇంట్లోకి అడుగుపెట్టి కోటు కూడా విప్పకుండా ఫోన్ అందుకుంది.

"ఆండాళ్ గారూ, నేను ప్రసూనని. ఆ దెబ్బలు మా ఆయన కొట్టినవి కావండీ. నేను గోలీని."

"గోలీలా? గోలీలాడితే గడ్డం కింద దెబ్బ తగుల్తుందా?"

"గోలీలాట కాదండీ. ఐస్ హాకీ. గోల్ దగ్గర నిలబడే మనిషిని గోలీ అంటారు."

అవతల ఆండాళ్ గారి గొంతు బాగా తగ్గింది. "ప్రసూనా, నువ్వొక్కదానివే ఉన్నావా? అతను పక్కన నిలబడి చెప్పిస్తున్నాడా? ఊఁ అంటే చాలు. ఇప్పుడే బయల్దేరి వస్తాం. మా ఇంట్లో ఎన్నాళ్ళయినా ఉండు."

ప్రసూనకి కళ్ళు నిండాయి. పుట్టింటికి అంత దూరాన, ఇంటిపేరు కూడా సరిగ్గా తెలియని ఒక పెద్దావిడ తన కోసం అప్పటికప్పుడు మంచులో బయల్దేరడానికి సిద్ధంగా ఉంది.

"లేదండీ, ఒట్టు. ఆదివారం పొద్దున్న ఐదున్నరకి మేం ఆడే ఐసు రింక్‌కి రండి. మీ కళ్ళతో మీరే చూద్దురుగాని."

పొద్దున్న ఐదున్నర ఎందుకంటే, మగవాళ్ళెవరికీ అక్కర్లేని వేళే ఆడవాళ్ళ టీమ్‌కి ఇచ్చేవారు.

ఆదివారం ఆండాళ్ గారు పట్టుచీర మీద బొంతలాంటి కోటు తొడుక్కుని, పులిహోర డబ్బా, కాఫీ ఫ్లాస్కుతో వచ్చారు. మూర్తిగారు మందుల సంచీ తెచ్చుకున్నారు. గౌరీశంకర్ దూరంగా చివరి బెంచీ మీద కూర్చుంటే ఆయన్ని ఎవరూ పలకరించలేదు.

ఆట మొదలైంది. థండర్ బే పిల్లలు గుర్రాల్లా వచ్చి పడుతున్నారు. గోల్ ముందు పరుపుచుట్టలా ఉన్న ఆకారమే ప్రసూన అని పోల్చుకోవడానికి ఆండాళ్ గారికి పది నిమిషాలు పట్టింది. ఆ తర్వాత ఆమె సీట్లో నిలవలేకపోయారు. లేచి గౌరీశంకర్ దగ్గరికే వెళ్ళారు.

"అదేంటయ్యా, అందరూ దాని మీదకే కొడుతున్నారు? కాస్త పక్కకి జరగమని చెప్పు."

"జరిగితే ఓడిపోతారండీ."

ఆమె ఆయన పక్కనే కూర్చున్నారు. కాసేపటికి ఫ్లాస్కు మూత విప్పి కాఫీ పోసి ఇచ్చారు.

ఆఖరిదైన మూడోభాగంలో, రెండు టీములూ చెరొకటి వేసి సమానంగా ఉన్నప్పుడు, బిళ్ళ ఎగిరి వచ్చి ప్రసూన ముసుగుకి ఫెడీమని తగిలింది. ఆవిడ వెల్లకిలా పడింది. ఈల వేసి ఆట ఆపారు. మూర్తిగారు సంచీ పట్టుకుని తోలు బూట్లతో ఐసు మీదకి దిగిపోయారు. రెండడుగులకే కాళ్ళు తేలిపోతుంటే థండర్ బే పిల్లలిద్దరు చెరో రెక్కా పట్టుకుని ఆయన్ని గోల్ దాకా జరుపుకుంటూ తీసుకెళ్ళారు.

"ఇవాళ ఏ వారం?" అన్నారాయన వంగి.

"ఆదివారం. మీరు తప్పుకుంటే ఆట మొదలెడతారు డాక్టరుగారూ."

ఆయన ఆవిడ కళ్ళలోకి లైటు వేసి చూసి, నాడి చూసి, సరేనన్నారు. మళ్ళీ ఆ ఇద్దరే ఆయన్ని వెనక్కి చేర్చారు. (అప్పట్లో ఇలాంటివి చెల్లేవి. ఇప్పుడైతే తలకి తగిలిన మనిషిని ఆరోజుకి ఆడనివ్వరు.)

ఆట ముగియడానికి రెండు నిమిషాల ముందు ఐలీ ఒక గోల్ వేసింది. ఆ తర్వాత రెండు నిమిషాలూ థండర్ బే వాళ్ళు ఊపిరి తీసుకోనివ్వలేదు. ప్రసూన వెనక్కి తగ్గలేదు. మూడడుగులు ముందుకొచ్చి నిలబడింది. ఒకటి మోకాలికి తగిలింది. ఒకటి చేత చిక్కింది. ఆఖరిది ఎక్కడ తగిలిందో ఆవిడకే తెలియదు. కింద చూస్తే కాళ్ళ మధ్య ఉంది. ఆ ఏడాది వాళ్ళు గెలిచిన మొదటి ఆట అది.

బట్టలు మార్చుకునే గదిలో పులిహోర డబ్బా చేతులు మారింది. ఐలీ మూడుసార్లు పెట్టించుకుంది. బయట మూర్తిగారు గౌరీశంకర్ చెయ్యి పట్టుకుని వదల్లేదు.

"నిన్ను అనకూడని మాటన్నాను శంకరం."

"అడిగారు కాబట్టే బాగుందండీ. చూసి కూడా అడక్కుండా ఊరుకుంటే అప్పుడు బాధపడాలి."

ఆ తర్వాత ఆండాళ్ గారు ఒక్క ఆదివారం మానలేదు. ఆట నియమాలు ఆవిడకి చివరిదాకా పట్టుబడలేదు. ఎవరు ప్రసూన దగ్గరికి వచ్చినా "వెనక్కి పో" అని తెలుగులో కేకలేసేవారు. కొన్నాళ్ళకి టీమ్ మొత్తం ఆ రెండు ముక్కలూ నేర్చుకుంది.

ప్రసూన డులూత్‌లో తొమ్మిదేళ్ళు ఆడింది. మధ్యలో కూతురు ఉజ్వల పుట్టినప్పుడు ఒక ఏడాది మానింది. పిల్లకి రింక్ అంటే పడలేదు. చలి, కంపు అని ముక్కు మూసుకునేది. పెద్దయ్యాక పియానో నేర్చుకుంది. ప్రసూన బలవంతపెట్టలేదు. తొంభై అయిదులో కాపురం పడమటి తీరాన ఉన్న రెడ్‌మండ్‌కి మారింది. అక్కడ ఒక లాబ్‌లో చేరి, మూడేళ్ళు గడిచి, ఆడి ఎన్నో ఏళ్ళయిందిలే అనుకుంటున్న వేళ, రింక్ నోటీసు బోర్డు మీద కాగితం కనబడింది. ఆడవాళ్ళ టీమ్, ఏ వయసైనా సరే, గోలీ కావాలి. అప్పటికి ఆవిడకి నలభై ఆరు. ఎక్కడికెళ్ళినా గోలీకి కరువేనని, ఒంటి మీదకి దెబ్బలు కోరుకునేవాళ్ళు ఏ ఊళ్ళోనూ ఎక్కువమంది ఉండరని ఆవిడ అంటుంది.

రెండువేల పదహారులో గౌరీశంకర్ పోయాడు. గుండె. పొద్దున్న పేపరు చదువుతూ కుర్చీలోనే. ఆ తర్వాత ఏడాదిన్నర పాటు హాకీ సంచీ గరాజ్‌లో ఒక మూలే ఉండిపోయింది. ఉజ్వల ఫోన్ చేస్తే బాగానే ఉన్నానని చెప్పేది. వంట ఒక్కపూట చేసుకుని మూడుపూటలు తినేది. టీమ్‌లోవాళ్ళు కార్డులు పంపారు, పువ్వులు పంపారు. ఆవిడ జవాబివ్వలేదు. ఒక శుక్రవారం వాళ్ళ కెప్టెన్ ఫోన్ చేసింది. ఎలా ఉన్నావని అడగలేదు. "రేపు పొద్దున్న గోలీ లేదు. ఆట రద్దు చెయ్యమంటావా?" అంది.

ప్రసూన వెళ్ళింది. తొమ్మిది గోల్స్ తింది. తిరుగుదారిలో కారు ఒక పక్కకి ఆపి కరువుతీరా ఏడ్చింది. ఆయన పోయాక అలా ఏడవడం అదే మొదలు. ఇంటికొచ్చి అన్నం వండుకుని, వంకాయ వేయించుకుని వేడిగా తింది. తర్వాతి శనివారమూ వెళ్ళింది.

రెండేళ్ళ కిందట తెలుగు సంఘంవాళ్ళు ఆవిడకి సన్మానం పెట్టారు. శాలువా కప్పాక రుత్విక్ అనే కుర్రాడు మైకు పట్టుకుని, "ఆంటీ, మీ కెరీర్‌లో టోటల్ ఎన్ని గోల్స్ కొట్టారు?" అన్నాడు.

"ఒక్కటీ కొట్టలేదు బాబూ."

రుత్విక్ కాగితం వైపు చూసుకున్నాడు. "మరి..."

"తిన్నవి వేలల్లో ఉంటాయి."

హాలంతా నవ్వింది. వెనక వరసలో ఒక అమ్మాయి నవ్వలేదు, ముందుకి వంగి వింటోంది. కార్యక్రమం అయ్యాక వచ్చి పరిచయం చేసుకుంది. పేరు భవిత, ఊరు కరీంనగర్, ఉద్యోగం సాఫ్ట్‌వేర్, హెచ్-వన్ వీసా.

"ఆంటీ, నేను స్కేటింగ్ నేర్చుకుంటున్న. ఎవ్వరికీ చెప్పలే. ఆఫీస్‌ల లేఆఫ్స్ అంటున్నరు, పొద్దంతా టెన్షనే. ఐస్ మీదికి పోతే ఒక్క గంట ఏం యాదికుండదు."

"ఎన్నిసార్లు పడ్డావు?"

"కౌంట్ చేయలే ఆంటీ."

"అయితే వస్తుందిలే. శనివారం రా."

భవిత ఇప్పుడు ఎదుటి టీమ్‌లో ఫార్వర్డ్. గట్టిగా కొడుతుంది, గురి ఇంకా కుదరలేదు. ప్రసూనకి డెబ్భై మూడు. నిరుడు కుడి మోకాలు మార్పించుకుంది. ఈ కాలపు గోలీలలాగా మోకాళ్ళ మీద పడి ఆడకూడదని ఆ ఆపరేషన్ చేసిన సర్జన్ గట్టిగా చెప్పాడు. తను నేర్చుకున్న కాలంలో అందరూ నిలబడే ఆడేవారని ఈవిడ చెప్పింది. ఆటకి ఒక్క భాగం మాత్రమే, అది కూడా నెలకి రెండుసార్లు అన్న ఒప్పందానికి వచ్చారు. ఆ ఒప్పందాన్ని ఆవిడ దాదాపుగా పాటిస్తోంది.

మొన్న శనివారం భవిత ఆవిడ మీదకి ఏడుసార్లు కొట్టింది. ఏడూ ఆగిపోయాయి. పార్కింగ్ లాట్‌లో ఆ పిల్ల మొహం ముడుచుకుని సంచీ కారులో పడేసింది.

"ఒక్కటన్న పోనియ్యొచ్చు కద ఆంటీ."

"పోనిస్తే నీకు తెలిసిపోతుందే. అప్పుడు నిజంగా కోపం వస్తుంది." ప్రసూన డిక్కీ మూసి, మోకాలు ఒకసారి వంచి చూసుకుంది. "కొట్టేముందు నువ్వు ఎటు చూస్తావో కర్ర అటే పోతుంది. వచ్చేవారం నన్నే చూస్తూ కొట్టు. ఇప్పుడు ఇండియన్ స్టోర్‌కి పోదాం పద. కరివేపాకు అయిపోయింది, నీకు పోయినవారం పెడతానన్న దోసె కూడా బాకీ ఉన్నాను."

భవిత కారెక్కింది. దారి పొడుగునా ఆ ఏడింటి గురించే వాదించింది. ముఖ్యంగా నాలుగోది గోలేనని, గీత దాటిందని. ప్రసూన ఒప్పుకోలేదు.